లింకన్: కింది నుంచి పైకి నడవాల్సిన ఊరు

ఇంగ్లండ్‌లో పెద్ద కేథడ్రల్ ఉన్న పాత ఊళ్లు అనగానే మనవాళ్లు యార్క్‌కో, కాంటర్బరీకో టికెట్లు తీస్తారు. లింకన్ అంటే చాలామందికి అమెరికా అధ్యక్షుడే గుర్తొస్తాడు. గైడు లేకుండా సొంతంగా నడిచి చూసేవారికి మాత్రం నేను చెప్పేది ఈ ఊరి పేరే. ఇక్కడ దారి తప్పడం కష్టం. స్టేషన్ కింద, కేథడ్రల్ కొండ మీద, రెంటికీ మధ్య ఇంచుమించు ఒకటే వీధి.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి నేరుగా వచ్చే రైలు దొరికితే ప్రయాణం సుమారు రెండు గంటలు. లేకపోతే న్యూవార్క్ నార్త్‌గేట్‌లో మారాలి. స్టేషన్ ముందు పిల్లలతో ఉన్న గణిత శాస్త్రజ్ఞుడు జార్జ్ బూల్ విగ్రహం కనిపిస్తుంది. ఆయన 1815లో ఇక్కడే ఒక చెప్పులు కుట్టే ఆయన ఇంట పుట్టాడు. పందొమ్మిదేళ్లకే సొంతంగా బడి పెట్టాడు. హైదరాబాద్‌లో కూర్చుని ప్రోగ్రాములు రాసే మనవాళ్లు రోజూ వాడే బూలియన్ లెక్కలు, అంటే నిజమా అబద్ధమా అన్న రెండే విలువలతో నడిచే తర్కం, ఈయనవే. అందుకే ఆ విగ్రహం దగ్గర ఫొటోల కోసం ఆగే భారతీయులను చూసి నేను ఆశ్చర్యపోలేదు.

హై స్ట్రీట్‌లో ఉత్తరానికి నడిస్తే విథమ్ నది మీద హై బ్రిడ్జ్ వస్తుంది. 12వ శతాబ్దపు వంతెన ఇది, పైన కలప చట్రాల ఇళ్లు ఉన్నాయి. వీధిలో నడుస్తుంటే వంతెన మీద ఉన్నామన్న సంగతే తెలియదు. పక్క మెట్లు దిగి నీటి దగ్గర నిలబడి చూడాలి. అది దాటాక స్టోన్‌బో కమాను, ఆ తర్వాత ఎక్కుడు.

స్టీప్ హిల్ పేరుకు తగ్గట్టే నిలువుగా ఉంటుంది. ఫోనులోని మ్యాపు దూరం చెబుతుంది కానీ ఏటవాలు చెప్పదు. గోడ పక్కన చేతికి కమ్మీ బిగించారంటేనే అర్థం చేసుకోవచ్చు. వానపడితే రాళ్లు జారతాయి, మామూలు చెప్పులు పనికిరావు. పైకి బస్సు కూడా ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారు నిస్సంకోచంగా ఎక్కండి. తక్కినవారికి మాత్రం నా సలహా నడకే. అలిపిరి నుంచి మెట్లెక్కినవారికి, ఘాట్ రోడ్డులో వెళ్లినవారికి కొండ ఒకేలా కనిపించదు కదా.

ఎక్కుడు మొదట్లోనే, ఎడమవైపు ఉన్న రాతి ఇంటి ముందు చాలామంది ఆగకుండా పోతుంటారు. దాన్ని జ్యూస్ హౌస్ (యూదుడి ఇల్లు) అంటారు, అదీ 12వ శతాబ్దానిదే. అప్పట్లో లింకన్‌లో యూదులు బాగా స్థిరపడి ఉండేవారు. 1255లో హ్యూ అనే చిన్నపిల్లవాడు చనిపోతే యూదులే బలి ఇచ్చారని పుకారు పుట్టింది. ఆ అబద్ధాన్ని నమ్మి రాజు మూడో హెన్రీ పందొమ్మిది మందిని ఉరితీయించాడు. 1290లో దేశంలోని యూదులందరినీ వెళ్లగొట్టారు. ఆ పిల్లవాడికి కేథడ్రల్‌లోనే సమాధి కట్టి పూజించారు. ఆ కథంతా కల్పితమని ఒప్పుకునే ఫలకం ఆ సమాధి దగ్గర 20వ శతాబ్దంలో గానీ వెలవలేదు. కాబట్టి ముందు కింద ఈ ఇల్లు చూసి, తర్వాత పైన ఆ ఫలకం చదవండి. బస్సులో వెళ్తే ఈ వరస చెదిరిపోతుంది.

పైకి చేరాక చౌరస్తాకు ఎడమవైపు కోట, కుడివైపు కేథడ్రల్. కోట ఆవరణలోకి ఉచితంగా వెళ్లవచ్చు. గోడ మీద నడకకు, జైలుకు, మాగ్నా కార్టా గదికి టికెట్ కావాలి. మాగ్నా కార్టా అంటే రాజు అధికారాలకు హద్దులు పెట్టిన పత్రం. 1215 నాటి ప్రతులు నాలుగే మిగిలాయి, వాటిలో ఒకటి లింకన్‌ది. మసక వెలుతురులో చిన్న చిన్న లాటిన్ అక్షరాలు, ఐదు నిమిషాల పని. నేను డబ్బు పెట్టేది గోడ నడకకే. కేథడ్రల్ ముఖద్వారం మొత్తం అక్కడి నుంచే చక్కగా కనబడుతుంది. జైలు ప్రార్థనామందిరంలో ఖైదీలు ఒకరినొకరు చూడకుండా ఎవరి అర వారికే కట్టారు. అక్కడ నాకు ఎక్కువసేపు నిలబడాలనిపించలేదు.

కేథడ్రల్‌కూ టికెట్ ఉంది, అది తప్పకుండా తీసుకోండి. 1185 భూకంపంలో దెబ్బతిన్నాక 1192 నుంచి మళ్లీ కట్టారు. ఆ కాలపు గాయకమండపం కప్పు కింద మెడ ఎత్తి చూడండి, రాతి పక్కటెముకలు అటూ ఇటూ పొంతన లేకుండా పోతుంటాయి. మేస్త్రీ తెలిసే చేశాడని నా అనుమానం. మధ్య గోపురం మీద ఒకప్పుడు శిఖరం ఉండేది. 1548లో కూలే వరకు ప్రపంచంలో అంతకు మించిన ఎత్తయిన కట్టడం లేదని చెబుతారు. కేథడ్రల్‌లోని ఏంజెల్ క్వయర్ అనే భాగంలో స్తంభం పైనున్న చిన్న రాతి దయ్యాన్ని వెతకడం పిల్లలకు మంచి కాలక్షేపం. టికెట్ ఖర్చు వద్దనుకుంటే సాయంత్రం ఈవెన్‌సాంగ్ ప్రార్థనకు ఉచితంగా వెళ్లి కూర్చోవచ్చు, కానీ అప్పుడు తిరిగి చూడనివ్వరు.

మిగిలిన ఓపికను బట్టి బెయిల్‌గేట్ వీధి మీదుగా న్యూపోర్ట్ ఆర్చ్ వరకు వెళ్లండి. రోమన్ల కాలపు కమాను, కింద ఇప్పటికీ బండ్లు పోతాయి. 1964లో ఒక లారీ గుద్దేసింది కూడా.

బస విషయానికొస్తే, నేను దిగింది కొండ మీద ఒక పాత ఇంట్లో. గది శుభ్రంగా ఉంది, అల్పాహారం బాగుంది. లిఫ్టు లేదు, ఇరుకు మెట్లు, పెట్టె మోయడానికి ఎవరూ రాలేదు. ఈ మెట్ల సంగతి బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు, ముందే ఫోను చేసి అడగడం మంచిది. బ్రేఫర్డ్ చెరువు దగ్గరి హోటళ్లలో లిఫ్టులుంటాయి, స్టేషన్ దగ్గర, కానీ ప్రతిసారీ కొండెక్కాలి. అమ్మానాన్నలను తీసుకెళ్తే పైన, కింది అంతస్తులో గది అడిగి, స్టేషన్ నుంచి టాక్సీలో వెళ్లండి.

శాకాహారులకు ఒక మాట. ఇక్కడి పేరున్న సాసేజ్ పంది మాంసంతో చేసేది. ఎండు ద్రాక్షలు వేసిన ప్లమ్ బ్రెడ్‌ను జున్నుతో తింటే బాగుంటుంది, అయితే పాత పద్ధతిలో చేసేవారు అందులో పంది కొవ్వు కలుపుతారు. కొనేముందు అడగండి. సాయంత్రం ఐదు దాటితే కొండ మీద చాలా అంగళ్లు మూసేస్తారు, కాబట్టి కొనుగోళ్లు కేథడ్రల్‌లోకి వెళ్లకముందే ముగించుకోవాలి.