హోసూరా, హొసకోటెనా: బెంగళూరు పక్కన ఇంటి స్థలానికి ఏది మేలు?

బెంగళూరు లోపల ధరలు విన్నాక మనవాళ్ల చూపు రెండు ఊళ్ల మీదే పడుతోంది. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగమైతే తమిళనాడులోని హోసూరు, వైట్‌ఫీల్డ్ వైపైతే కర్ణాటకలోనే ఉన్న హొసకోటె. రెండింట్లో ఏది మేలని అడిగేవాళ్లు దూరం, ధర, మెట్రో గురించే అడుగుతారు. అవీ చూడాల్సినవే. అయితే అసలు సంగతి తేలేది మీరు ఆ స్థలాన్ని తిరిగి అమ్మే రోజున. కొనడానికి వచ్చినవాడికి మామూలు బ్యాంకు లోను ఇస్తుందా, ఇవ్వదా? ఇస్తే పదిమంది వస్తారు, బేరం మీ చేతిలో ఉంటుంది. ఇవ్వకపోతే మొత్తం చేతిలో పట్టుకుని వచ్చే ఒకరిద్దరే మిగులుతారు, వాళ్లు చెప్పిందే ధర.

ముందు దూరం సంగతి త్వరగా ముగిద్దాం. హోసూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తే అత్తిబెలె దగ్గర టోలు, ఎలక్ట్రానిక్ సిటీ పైవంతెన ఎక్కితే ఇంకో టోలు. 2025 ఆగస్టులో ఆర్వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా ఎల్లో లైన్ మొదలయ్యాక బండిని బొమ్మసంద్రలో పెట్టి సిల్క్ బోర్డు కూడలిని పైనుంచే దాటేయవచ్చు. హొసకోటె వాళ్లకు 75వ నంబరు రహదారి మీద కేఆర్ పురం, లేదా కాడుగోడి దాకా వెళ్లి పర్పుల్ లైన్. చిత్తూరు, తిరుపతి, మదనపల్లె వాళ్లకు హొసకోటె సొంతూరి దారిలోనే ఉంటుంది. చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మొదలయ్యేదీ, దొబ్బస్‌పేట నుంచి వచ్చే శాటిలైట్ రింగ్ రోడ్డు కలిసేదీ అక్కడే.

ఇక రాబోయేవాటి సంగతి. బొమ్మసంద్ర నుంచి హోసూరుకు మెట్రో అన్నది ఇంకా ప్రతిపాదనే. హోసూరు విమానాశ్రయాన్ని తమిళనాడు ప్రభుత్వం 2024 జూన్‌లో ప్రకటించింది. బెంగళూరు విమానాశ్రయం ఒప్పందంలోనేమో 150 కిలోమీటర్ల లోపు 2033 దాకా పోటీ విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉంది. ఈ రెండు పేర్లు చెప్పి చదరపు అడుగుకు ధర పెంచి అడిగేవాళ్లకు ఆ పెంచిన ముక్క ఇవ్వకండి. రైలు వచ్చాక ఇద్దురు.

ఇప్పుడు కాగితాలు. హొసకోటెలో సైట్ పేరుతో అమ్ముతున్నవన్నీ ఒక జాతి కావు. ఒక రకం హొసకోటె ప్లానింగ్ అథారిటీ లేఅవుట్లు. భూమి వ్యవసాయం నుంచి కన్వర్ట్ అయి ఉంటుంది, లేఅవుట్ ప్లాన్‌కు అనుమతి ఉంటుంది, రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థకు రాసిచ్చి ఉంటారు, మీ సైట్ నంబరుతో రిలీజ్ ఆర్డర్ వచ్చి ఉంటుంది. ఈ నాలుగో ముక్కే చాలామంది అడగరు. పనులు జరిగేకొద్దీ అథారిటీ సైట్లను విడతలుగా విడుదల చేస్తుంది. ప్లాన్ పాసైందని చూపించి, ఇంకా విడుదల కాని సైట్‌కు బయానా తీసుకోవడం మామూలైపోయింది.

రెండో రకానికి కన్వర్షన్ ఒక్కటే ఉంటుంది, లేఅవుట్ అనుమతి ఉండదు. మూడోది రెవెన్యూ సైట్: పహణీలో, అంటే రెవెన్యూ వాళ్ల భూమి రికార్డులో, ఇంకా పొలంగానే ఉన్న భూమిని సున్నం గీతలతో ముక్కలు చేసి అమ్మేది. మొదటి రకంతో పోలిస్తే ఈ రెండూ చవక. వీటి దగ్గరే బ్రోకరు "ఈ-ఖాతా ఉంది సార్" అంటాడు. ఈ-ఖాతా అంటే స్థానిక సంస్థ ఆస్తి పుస్తకంలో ఎక్కినట్టు చూపే ఆన్‌లైన్ కాగితం. అతను అబద్ధం చెప్పడు. నిజంగానే ఉంటుంది. కాకపోతే ఆ కాగితం పైభాగంలో ఏ ఫారం అని రాసుందో చూడండి. గ్రామ పంచాయతీ పరిధిలో ఫారం 9తో పాటు 11ఎ ఉంటే సక్రమమైన ఆస్తి. 11బి అని ఉంటే పంచాయతీ పన్ను కట్టించుకోవడానికి పుస్తకంలో రాసుకుందని మాత్రమే అర్థం. మున్సిపాలిటీ లోపలైతే ఇదే తేడా ఎ-ఖాతా, బి-ఖాతా రూపంలో కనిపిస్తుంది. 2024 సెప్టెంబరు 10కి ముందున్న అనధికార ఆస్తులకు బి-ఖాతా ఇస్తామని ప్రభుత్వం 2025లో తలుపు తీసింది. దాంతో "రేపోమాపో ఎ అయిపోతుంది" అన్న మాట ఇప్పుడు ప్రతి లేఅవుట్‌లోనూ వినిపిస్తోంది. అయ్యాక కట్టాల్సిన ధర అది, ఇవాళ కట్టాల్సింది కాదు.

11బి స్థలం రిజిస్టరైనా ప్రభుత్వ బ్యాంకులు లోనుకు ముఖం తిప్పేస్తాయి. ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలో, సహకార సొసైటీలో ఇస్తే వడ్డీ ఎక్కువ, మొత్తం తక్కువ. పైన చెప్పిన పదిమందీ తగ్గి ఒకరిద్దరయ్యేది ఇక్కడే.

ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ దగ్గర ఇంకో మెలిక ఉంది. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరీ పోర్టల్‌లో సైట్ నంబరు కొట్టి తీస్తే ఫారం 16, అంటే లావాదేవీలేవీ లేవన్న కాగితం రావచ్చు. అది చూసి సంతోషపడకండి. లేఅవుట్ వేయకముందు జరిగిన అమ్మకాలు, తాకట్లు సర్వే నంబరు కింద ఎక్కి ఉంటాయి. సర్వే నంబరుతో, పాత ఖాతా నంబరుతో, ఊరి పేరు రెండు మూడు రకాల అక్షరాలతో వెతికించి ఫారం 15 తీయించాలి. ఆన్‌లైన్‌లో దొరికేది 2004 నుంచే. అంతకు ముందుదానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతిరాత పుస్తకాల నుంచి తీయించుకోవాల్సిందే. పహణీలో ఖరాబు, అంటే సాగుకు లెక్కలోకి రాని భూమి, గళ్లు కూడా చూడండి. బి-ఖరాబు అంటే దారి, కాలువ, వాగు లాంటి ప్రజల భూమి. ఎవరికీ అమ్మే హక్కు లేదు. లేఅవుట్ చివరి వరస సైట్లు తరచూ దాని మీదికి జరుగుతుంటాయి.

వీటన్నిటికంటే పెద్ద గుంట పీటీసీఎల్ చట్టం. 1978లో వచ్చిన ఈ చట్టం ప్రకారం దళిత, గిరిజన కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. ఎన్నేళ్లు గడిచినా వారసులు అర్జీ పెట్టుకోవచ్చని 2023 సవరణ స్పష్టం చేసింది. కాబట్టి ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లతో సరిపెట్టకుండా భూమి మొదట ఎవరికి, ఎలా వచ్చిందో చూడాలి. తాలూకా ఆఫీసు నుంచి "మంజూరు భూమి కాదు" అన్న ఎండార్స్‌మెంట్ అడిగి తీసుకోవడం మంచిది.

హోసూరులో గీత ఇంత మసకగా లేదు. 2016 సెప్టెంబరు 9న మద్రాసు హైకోర్టు అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్ ఆపేయించింది. తర్వాత వచ్చిన నిబంధనల ప్రకారం 2016 అక్టోబరు 20కి ముందే ఇంటి స్థలంగా రిజిస్టరైనవి మళ్లీ చేతులు మారవచ్చు గానీ, వాటిలో ఇంటి ప్లాన్ పాస్ కావాలంటే రెగ్యులరైజేషన్ ఉత్తర్వు చేతిలో ఉండాలి. అందువల్ల హోసూరులో కొనేవాడు పట్టుకోవాల్సినవి రెండే: డీటీసీపీ (తమిళనాడు పట్టణ ప్రణాళికా శాఖ) అనుమతి నంబరుతో లేఅవుట్ ప్లాన్, అమ్మేవాడి పేరు మీద పట్టా. రెండూ ఉంటే ప్రభుత్వ బ్యాంకు లోను ఇస్తుంది.

ఇక్కడ చెడేది పట్టా దగ్గర. దస్తావేజు సరిగ్గానే ఉంటుంది, పట్టా మాత్రం పాత రైతు పేరు మీదో, సర్వే నంబరు మొత్తానికీ ఐదారుగురి పేర్లతో కూట్టు పట్టాగానో మిగిలిపోయి ఉంటుంది. సబ్ డివిజన్ కాకపోతే సర్వే వాళ్ల హద్దుల కొలతలుండే ఎఫ్ఎంబీ స్కెచ్‌లో మీ ముక్కే కనిపించదు. దాన్ని అమ్మేవాడి ఖర్చుతో, అమ్మేవాడి చేతే చేయించాకే మిగతా డబ్బు ఇస్తామని అగ్రిమెంటులో రాయించండి. తర్వాత చూసుకుందాం అన్నది తాలూకా సర్వేయర్ ఆఫీసు చుట్టూ మీరు తిరగడంతోనే ముగుస్తుంది. పీటీసీఎల్‌కు తోబుట్టువు ఇక్కడా ఉంది: పంచమి భూములు. దళితులకు కేటాయించిన ఆ భూముల్ని వేరేవాళ్లు కొంటే చెల్లదు.

హొసకోటెకు ఒక అనుకూలత ఉంది, మనవాళ్లు లెక్కలోకే తీసుకోరు. కన్నడ లిపి మన లిపికి దగ్గర. కాస్త ఓపికతో కూర్చుంటే దస్తావేజులో హద్దులు, సర్వే నంబరు, వారసుల పేర్లు మీరే కూడబలుక్కుని చదివేయగలరు. తూర్పున రోడ్డు అని చెప్పిన చోట కాగితంలో పక్కవాడి సైట్ ఉంటే మీకే దొరుకుతుంది. హోసూరు కాగితాలు తమిళంలో ఉంటాయి. ఊళ్లో సగం మందితో తెలుగులోనే పని జరిగిపోయినా కాగితం మాత్రం వకీలు చెప్పిందే. ఆ వకీలు హోసూరు కోర్టులో ప్రాక్టీసు చేసేవాడై ఉండాలి. బెంగళూరు వకీలుకు పట్టా, నత్తం (ఊరి నివాస భూమి) తేడాలు అలవాటు ఉండవు.

రిజిస్ట్రేషన్ ఖర్చు చూద్దాం. 60 లక్షల ఆస్తికి కర్ణాటకలో పట్టణ పరిధిలో స్టాంపు డ్యూటీ 5%, దాని మీద సెస్సు, సర్‌ఛార్జి కలిపి 5.6%. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 1% కాస్తా 2% అయింది. మొత్తం 7.6%, అంటే 4 లక్షల 56 వేలు. తమిళనాడులో 7%, 2% కలిపి 9%, అంటే 5 లక్షల 40 వేలు. తేడా 84 వేలు. ఈ సొమ్ము బ్యాంకు లోనులో కలవదు, చేతి నుంచే పెట్టుకోవాలి. 30 నుంచి 75 లక్షల లోపు ఇంటి లోనుకు ఆస్తి విలువలో 80% మించి ఇవ్వరాదన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆ మిగతా 20% మీద ఈ ఖర్చు అదనం. 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవాడికి ఇచ్చే దాంట్లోంచి 1% టీడీఎస్ పట్టి మీరే కట్టాలి.

సరిహద్దు దాటితే వచ్చే చికాకులు చిన్నవే గానీ రోజూ తగులుతాయి. కర్ణాటక బండి హోసూరులో 12 నెలలు దాటి ఉంటే తమిళనాడు రిజిస్ట్రేషన్‌కు మార్చుకోవాలి. మార్చాక అదే బండితో రోజూ బెంగళూరు వస్తుంటే కర్ణాటక ఆర్టీఓ వాళ్లు ఆపి అడుగుతారు. 2016 సెప్టెంబరు కావేరీ గొడవల్లో బస్సులు ఆగిపోయి జనం తమిళనాడు వైపున్న జూజువాడి నుంచి అత్తిబెలెకు నడిచి వచ్చారు. పిల్లలుంటే ఇంకో లెక్క: తమిళనాడులో 2006 చట్టం తమిళాన్ని, కర్ణాటకలో 2015 చట్టం కన్నడాన్ని బడిలో తప్పనిసరి చేశాయి. ఇంజనీరింగ్ సీట్లకూ ఎన్నేళ్లు ఏ రాష్ట్రంలో చదివారన్నది చూస్తారు. ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్లవాడితో రాష్ట్రం మారడం తెలివైన పని కాదు.

నీళ్ల విషయంలో హోసూరు పట్టణానికి హొగెనేకల్ పథకం ఉంది. శివారు లేఅవుట్లకు బోరే దిక్కు. హొసకోటె తాలూకాలో భూగర్భ జలం తోడేయగా తోడేయగా బోర్లు వెయ్యి అడుగులు దాటుతున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లి పక్కింటివాళ్లను ట్యాంకరు ఎన్ని రోజులకు ఒకటి తెప్పిస్తారో అడగండి.

మరి ఏది? ప్లానింగ్ అథారిటీ అనుమతి, రిలీజ్ ఆర్డర్, 11ఎ లేదా ఎ-ఖాతా ఉన్న సైట్ మీ డబ్బుకు దొరికితే హొసకోటే. బడ్జెట్ 11బి దగ్గరే ఆగిపోతే మాత్రం అక్కడ పెద్ద సైట్ తీసుకునే కంటే అదే డబ్బుతో హోసూరులో డీటీసీపీ, పట్టా ఉన్న చిన్న ప్లాట్ మేలు. 11బిలో 30×40 కంటే పట్టా ఉన్న 20×30 త్వరగా అమ్ముడవుతుంది.

కట్టిన ఇల్లు కొనేవాళ్లు రెండు ఊళ్లలోనూ ప్లాన్‌ను టేపుతో సరిచూసుకోవాలి. ప్లాన్‌లో రెండంతస్తులుండి పైన మూడోది లేచి ఉంటే బ్యాంకు ఇంజనీరు దానికి విలువ కట్టడు. 2024 డిసెంబరు సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఓసీ (ఇంట్లో కాపురం ఉండవచ్చన్న ధ్రువపత్రం) లేని కొత్త ఇళ్లకు కర్ణాటకలో కరెంటు కనెక్షన్ దగ్గరే చిక్కొచ్చింది.

అమ్మేవాళ్ల పరిస్థితి కష్టంగానే ఉంది. ఒంటరి సైట్ యజమానికి పోటీ పక్క సైట్ నుంచి కాదు, వాయిదాల మీద అమ్మే కొత్త లేఅవుట్ నుంచి. అక్కడ బ్రోకరుకు కమీషన్ ఎక్కువ, అందుకే మీ సైట్‌ను చివర చూపిస్తాడు. మీకున్న బలం ఒక్కటే, కాగితాలు సిద్ధంగా ఉండటం. లోను తీర్చేసినా ఈసీలో తాకట్టు పద్దు అలాగే ఉంటే కొనేవాడి బ్యాంకు అక్కడే ఆపేస్తుంది. ఒరిజినళ్లతో పాటు రద్దు పత్రం కూడా రిజిస్టర్ చేయించుకోండి. లోను తీరిన 30 రోజుల్లో ఒరిజినళ్లు తిరిగివ్వకపోతే బ్యాంకు రోజుకు 5,000 చెల్లించాలి, 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న నియమం ఇది. పన్ను రసీదు ఈ ఏడాదిది ఉండాలి, హద్దు రాళ్లు కనిపించాలి, ముళ్లకంప కొట్టించాలి. ప్రభుత్వం కట్టిన గైడెన్స్ విలువ కంటే 10% మించి తక్కువ చూపిస్తే ఆదాయపు పన్ను ఇద్దరికీ పడుతుంది. కర్ణాటకలో ఆ విలువలు 2023 అక్టోబరులో పెరిగాయి కాబట్టి పాత అంకె తలలో పెట్టుకుని బేరం కుదుర్చుకోకండి. 2024 జూలై 23కి ముందు కొన్న ఆస్తి అమ్మితే లాభం మీద 12.5% పన్నా, ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20% పన్నా అన్నది మీరే ఎంచుకోవచ్చు. పదేళ్ల పైన పట్టుకున్నవాళ్లు రెండు రకాలుగానూ లెక్క వేయించాలి.

ఆనేకల్, చందాపుర, అత్తిబెలె గురించి కూడా అడుగుతున్నారు. రాష్ట్రం మారే బెడద లేదు, కానీ రెవెన్యూ సైట్ల బెడద హొసకోటెకు ఏమాత్రం తీసిపోదు. మాలూరుకు రైలుంది, రోజూ రైల్లో వెళ్లగలిగినవాళ్లు చూడవచ్చు. అనంతపురం, హిందూపురం వాళ్లకు దేవనహళ్లి, చిక్కబళ్లాపుర దారి దగ్గర. దేవనహళ్లిలో విమానాశ్రయం ధర ఇప్పటికే కలిసిపోయింది. చిక్కబళ్లాపుర పాత పట్టణంలో ఎ-ఖాతా ఉన్న పాత ఇల్లు దొరికితే వదులుకోకండి.