మెదడు, కంటి లింఫోమా: ఒక్క మందు మేలా, నాలుగు కలిపితే మేలా?

లింఫోమా అంటే తెల్లరక్తకణాల్లో ఒక రకమైన లింఫోసైట్ల క్యాన్సర్. ఒంట్లో మరోచోట వచ్చే లింఫోమాకు ఇచ్చే ఆర్-చాప్ (కొన్ని మందుల కలయిక) కీమో, మెదడులోనే మొదలైన లింఫోమా మీద సరిగా పనిచేయదు. అందులోని ముఖ్యమైన మందులు రక్తంలోంచి మెదడులోకి తగినంతగా చేరవు. కంటి రెటీనాకూ అలాంటి అడ్డే ఉంది. అందుకే మెథోట్రెక్సేట్ అనే కీమో మందును బాగా ఎక్కువ మోతాదులో ఎక్కించి, ఆ తర్వాత ల్యూకోవోరిన్ ఇచ్చి మిగతా ఒంటిని కాపాడతారు. ఇంతవరకు పెద్దగా గొడవ లేదు. దానికి తోడు ఇంకేం కలపాలన్నదే ప్రశ్న.

2009లో ఫలితాలు వచ్చిన ఐఈఎల్‌ఎస్‌జీ20 ట్రయల్‌లో 79 మంది ఉన్నారు. మెథోట్రెక్సేట్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 18 శాతం మందికి జబ్బు జాడ లేకుండా పోయింది. సైటరాబిన్ అనే మరో కీమో మందు కూడా కలిపితే 46 శాతం. ఇక్కడితో చదవడం ఆపేస్తే జోడీదే గెలుపు. కానీ జోడీ తీసుకున్నవాళ్లలో 92 శాతం మందికి రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయాయి, ఒక్క మందు వాడినవాళ్లలో 15 శాతానికే. మందుల దెబ్బకే జోడీ గుంపులో ముగ్గురు, రెండో గుంపులో ఒకరు చనిపోయారు.

2016లో ఐఈఎల్‌ఎస్‌జీ32 వచ్చింది, ఈసారి 219 మందితో. జబ్బు జాడ లేకుండా పోయినవాళ్లు పాత జోడీతో 23 శాతం, రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు చేరిస్తే 30, థయోటెపా అనే కీమో మందు కూడా చేరిస్తే 49. ఈ నాలుగు మందుల కలయికే మాట్రిక్స్. గమనించారా? అదే జోడీకి ఒక ట్రయల్‌లో 46, మరోదానిలో 23! రోగులు మారితే అంకెలు ఇంతగా మారతాయి. కాబట్టి ఒకే ట్రయల్‌లో చీటీ వేసినట్టు గుంపులుగా పంచి పోల్చిన ఫలితాన్నే నేను నమ్ముతాను. లెనలిడోమైడ్, రిటుక్సిమాబ్ జోడీని జబ్బు తిరగబెట్టిన మెదడు, కంటి లింఫోమా రోగుల మీద పరీక్షించారు. కొందరికి గుణం కనిపించింది, కానీ పోల్చడానికి పక్కన రెండో గుంపు లేదు, కాబట్టి దాన్ని అంతగా నమ్మలేను.

మందు చేర్చిన ప్రతిసారీ లాభం ఉంటుందనీ కాదు. 2019 నాటి హోవన్ 105 ట్రయల్‌లో వేరే కీమోకు రిటుక్సిమాబ్ కలిపారు. జబ్బు తగ్గకపోవడం, తిరగబెట్టడం, చనిపోవడం వంటివేవీ లేకుండా ఏడాది గడిపినవాళ్లు రిటుక్సిమాబ్ లేకుండా 49 శాతం, ఉంటే 52. అంటే తేడా లేనట్టే. రిటుక్సిమాబ్ పెద్ద అణువు, మెదడులోకి అరకొరగానే వెళ్తుంది.

ఒంట్లో సత్తువ ఉండి, కిడ్నీలు బాగుంటే నా ఓటు మాట్రిక్స్‌కే. కానీ ఆ ట్రయల్‌లో 70 ఏళ్లు దాటినవాళ్లను తీసుకోలేదు. వాళ్ల విషయంలో 49 శాతం అని ఆశపెట్టడం న్యాయం కాదు, మెథోట్రెక్సేట్‌కు తేలికైన తోడు చూసుకోవడమే నయం.

జబ్బు కంటిలోనే ఉంటే లెక్క వేరు. కంట్లోకే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇస్తే కన్ను కుదుటపడుతుంది, ఒంటికి అంత బాధ ఉండదు. కానీ అలాంటివాళ్లలో చాలామందికి తర్వాత మెదడులోనూ వస్తుంది, దాన్ని ఆ ఇంజెక్షన్ ఆపలేదు. బలహీనంగా ఉన్నవాళ్లకు ముందు అదే ఇచ్చి, మెదడుకు ఎమ్మారై క్రమం తప్పకుండా తీయిస్తుండాలి.