నాలుగేళ్లు వాడాక నా .22 పిస్టల్ గురించి: కొన్నది ట్రిగ్గర్ కోసమే

ఈ .22 (చిన్న సైజు తూటా కాల్చే) పిస్టల్ కొనడానికి నా దగ్గర ఉన్న కారణం ఒక్కటే, దాని ట్రిగ్గర్. నాలుగేళ్లయింది. నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్క ప్రకారం తొమ్మిది వేల రౌండ్లు (తూటాలు) దాటాయి. బరువెంత, బ్యారెల్ పొడవెంత, మ్యాగజైన్‌లో ఎన్ని పడతాయి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. మోడల్ పేరు కూడా చెప్పడం లేదు, ఎందుకంటే ఇదే తరహాలో ఏది తీసుకున్నా నాకు ఎదురైనదే మీకూ ఎదురుకావచ్చు.

కొనే ముందు మూడు రకాలు కాల్చి చూశాను. ఒకటి 9 ఎంఎం, అంటే ఇంకా పెద్ద తూటాది. రెండోది అచ్చం దాని ఆకారంలోనే చేసిన, పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేమ్ ఉన్న .22. మూడోది టార్గెట్ తరహా .22. ఇందులో బ్యారెల్, సైట్లు (గురి చూసుకునే గుర్తులు) కదలవు, లోపల బోల్ట్ అనే ఇనుప ముక్క ఒక్కటే వెనక్కీ ముందుకీ ఆడుతుంది.

9 ఎంఎం మీద నాకు మోజు చాలానే ఉండేది. అది పోయింది ఒక్క డమ్మీ రౌండ్‌తో, అంటే పేలని ఉత్తుత్తి తూటాతో. కోచ్ నాకు చెప్పకుండా మ్యాగజైన్ మధ్యలో ఒక డమ్మీ పెట్టారు. ట్రిగ్గర్ నొక్కాను. పేలలేదు, కానీ పిస్టల్ ముక్కు మాత్రం టక్కున కిందికి వంగింది. అంటే దెబ్బ రాకముందే నా చెయ్యి దాన్ని ఆపడానికి తయారైపోతోంది. గుళ్లన్నీ నల్లవలయం కింద ఎందుకు పడుతున్నాయో అప్పుడు అర్థమైంది. .22లో బుల్లెట్ సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. 9 ఎంఎంలో మామూలుగా దొరికే 115, 124 గ్రెయిన్ల బుల్లెట్లు దానికి మూడు రెట్లు. ఆ అలవాటు పోయేదాకా .22తోనే ఉండాలని ఆ రోజే అనుకున్నాను.

రెండో రకం చేతిలో హాయిగా ఇమిడింది, కానీ దాని ట్రిగ్గర్ లాగుతుంటే ఇసుకలో గోనెసంచి ఈడుస్తున్నట్టు ఉంది. మూడోది అలా కాదు. మొదట రెండు మూడు మిల్లీమీటర్లు వదులుగా వచ్చి ఒకచోట గట్టిగా ఆగుతుంది. అక్కడ ఊపిరి సర్దుకుని, సైట్లు చూసుకుని, ఇంకాస్త బరువు వేస్తే ఎండిన ఈనెపుల్ల విరిగినట్టు పుటుక్కున తెగుతుంది. తెగాక వేలు ముందుకు జారదు. ఐదు రౌండ్లు కాల్చి, ఇంకొక్క మ్యాగజైన్ ఇవ్వరా అని అడిగాను. లైసెన్స్ పని పూర్తయ్యాక కొన్నది దాన్నే.

మొదటి రెండేళ్లు ఎవరు అడిగినా ఇదే తీసుకోమని చెప్పాను. ఇప్పుడు అడిగితే ఇంకో నాలుగు మాటలు కలిపి చెబుతాను.

రెండో ఏడాది చివర్లో నాకు ఆ ట్రిగ్గర్ ఇంకా తేలికైతే బాగుండునని ఆశ పుట్టింది. ఆయుధాలు బాగుచేసే ఒకాయన హ్యామర్ (పిన్‌ని కొట్టే సుత్తిలాంటి భాగం) వెనక ఉండే మెయిన్‌స్ప్రింగ్ తీసి మెత్తటిది వేశారు. ఆ మూడు నెలలు ఎంత సంతోషంగా కాల్చానో చెప్పలేను. వేలు ఆనించి అనుకుంటే చాలు, తెగిపోయేది. 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్‌లో పది వలయం 50 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఐదుకి నాలుగు అందులో పడిన రోజులు నాకు అంతకుముందు లేవు.

ఆ తర్వాత క్లబ్ పోటీ వచ్చింది. పది సెకన్లలో ఐదు కాల్చాల్సిన సిరీస్. మూడు బాగా పోయాయి. నాలుగోదానికి 'టిక్' అని మాత్రం వినిపించింది. పిస్టల్ ముక్కు టార్గెట్ వైపే ఉంచి, పట్టు వదలకుండా, ఖాళీ చెయ్యి పైకెత్తాను. ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది కాబట్టి అర నిమిషం అలాగే నిలబడ్డాను. రేంజ్ ఆఫీసర్ వచ్చి చూసి, ఆ సిరీస్ మళ్లీ కాల్చుకోనిచ్చారు. ఈసారి రెండో రౌండ్‌కే టిక్. గుండె దడ, అరచేతుల్లో చెమట. మిగతా పోటీ అంతా ట్రిగ్గర్ మీద కాకుండా ఇది పేలుతుందా లేదా అన్న టెన్షన్ మీదే నడిచింది.

ఇంటికొచ్చి పేలని ఆ రెండింటినీ లైటు కింద పెట్టి, పేలిన ఖాళీ కేసుల పక్కన చూశాను. .22లో ప్రైమర్ మందు (దెబ్బకి ముందుగా అంటుకునేది) అడుగున మధ్యలో ఉండదు, అంచు చుట్టూ లోపల ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచుని నలగ్గొట్టాలి. పేలినవాటి మీద గుర్తు లోతుగా, పలక మీద ఉలి దించినట్టు ఉంది. పేలనివాటి మీద గోటితో నొక్కినంతే ఉంది.

అయినా ముందు తూటాలనే అనుమానించాను. వేరే కంపెనీవి తెచ్చాను, మళ్లీ అదే. మ్యాగజైన్ మార్చాను, అదే. పేలనివాటిని ఒక డబ్బాలో వేసి పెడితే ఐదు వారాల్లో పదకొండు అయ్యాయి, అన్నింటి మీదా ఆ పైపై గుర్తే. డబ్బా పట్టుకుని మళ్లీ ఆ స్ప్రింగ్ మార్చినాయన దగ్గరికే వెళ్లాను. ఆయన సన్నటి టార్చి పెట్టి చాంబర్, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు, చూడమన్నారు. లోపల నల్లటి మైనంలాంటి ఉంగరం ఒకటి పేరుకుని ఉంది. .22 తూటాలకు పైన పూసే మైనం, సీసం, మసి కలిసి గట్టిపడిన ముద్ద అది. నేను ఇన్నాళ్లూ బ్యారెల్‌లో గుడ్డ లాగి శుభ్రం చేశాననుకుంటున్నాను, చాంబర్‌ను బ్రష్‌తో రుద్దలేదు.

ఆయన వివరించాక మొత్తం అర్థమైంది. ఆ ముద్ద వల్ల తూటా పూర్తిగా లోపలికి దిగడం లేదు, వెంట్రుకవాసి వెనక నిలబడుతోంది. పిన్ కొట్టిన దెబ్బలో కొంత దాన్ని లోపలికి తోయడానికే ఖర్చవుతోంది. పాత స్ప్రింగ్ ఉన్నప్పుడు మిగిలిన బలం కూడా సరిపోయేది, అందుకే రెండేళ్లు నాకేమీ తెలియలేదు. మెత్తటి స్ప్రింగ్‌తో అది చాలలేదు. చాంబర్ శుభ్రం చేయగానే సమస్య చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. పాత స్ప్రింగ్ తిరిగి వేయించాక పోయింది. అప్పటినుంచి మూడు వేల రౌండ్లకు పైగా కాల్చాను, పేలనివి రెండే. వాటి మీద పిన్ గుర్తు లోతుగానే ఉంది కాబట్టి ఆ రెండూ తూటాల లోపమే.

ఇంకొకటి కూడా అప్పుడే బయటపడింది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 25 మీటర్ల పిస్టల్ పోటీలో ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల బరువు మోయాలి. నేను అంత మురిసిపోయిన ఆ ట్రిగ్గర్‌కి తూకపు గుండు తగిలిస్తే పైకి లేపకముందే తెగిపోయింది. క్లబ్‌లో తూకం వేయలేదు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు అది 1100 గ్రాముల దగ్గర ఉంది. మొదటి నెల బరువనిపించింది, తర్వాత వేలు అలవాటుపడింది. ఆ పుటుక్కుమనడం మాత్రం అలాగే ఉంది, నాకు కావలసింది అదే.

చిన్నచిన్నవి మరికొన్ని. ఖాళీ చాంబర్‌తో ట్రిగ్గర్ సాధన చేయడం .22లో మంచిది కాదు, చాలావాటిలో పిన్ వెళ్లి చాంబర్ అంచుకే తగలొచ్చు. ప్లాస్టిక్ డమ్మీలు పెట్టి చేస్తాను, అవి తొందరగా అరిగిపోతాయి. ఈ విషయంలో 9 ఎంఎం వాళ్లకి ఈ తంటా అంతగా ఉండదు, వాళ్లని చూస్తే కాస్త అసూయే. నాది స్టాండర్డ్ వెలాసిటీ (మామూలు వేగం) తూటాలతోనే బాగా కాలుస్తుంది, వేగం ఎక్కువున్నవి వేస్తే చేతికి కుదుపు, కాగితం మీద గుళ్లు చెదరడం. విప్పి బిగించడం మొదట్లో విసుగు, ఇప్పుడు చేతికొచ్చింది. శుభ్రం చేశాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం మరవొద్దు, అదంతా సీసం.

మరి కొనొచ్చా అంటే, నేను వారానికోసారి వెళ్తాను, 25 మీటర్లలో కాగితం మీదే కాలుస్తాను, నా చెయ్యి చిన్నది. ఇలాంటివాళ్లకైతే ఇప్పటికీ ఇదే చెబుతాను. కదులుతూ కాల్చే పోటీలు, ఉక్కు పలకలు మీకు ఇష్టమైతే ఆ రెండో రకమే నయమేమో, ట్రిగ్గర్ గరుకుగా ఉన్నా అది తర్వాత 9 ఎంఎంకి మారడానికి దారి చేస్తుంది. ఏది తీసుకున్నా మీకు ఎప్పుడూ దొరికే తూటాలు ఒక యాభై అందులో కాల్చి చూసుకోండి. ట్రిగ్గర్ నచ్చితే దాన్ని అలాగే ఉంచండి, స్ప్రింగ్ మార్చినా నాలా వదిలేయకుండా గుండు తగిలించి తూకం చూసుకోండి.

కాల్చాక వెనక్కి వచ్చే బోల్ట్‌ని ఆపి ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్ ఇంకా మొదటిదే. ఈ మధ్య ఖాళీ కేసులు పక్క లేన్ దాకా ఎగిరి పడుతున్నాయి, అంటే అది మెత్తబడినట్టుంది. కంపెనీ స్ప్రింగే తెప్పించాను, వచ్చే వారం వేయించాలి.