ముగ్గురు రాబిన్లలో ఎవరు మేలు?

అమెరికన్ కామిక్స్ హీరో బ్యాట్‌మ్యాన్ 1939లో పుట్టాడు. ఏడాది తిరిగేసరికి ఆ కథలు రాస్తున్న బిల్ ఫింగర్‌కి ఒక చిక్కు వచ్చి పడింది. అర్ధరాత్రి మేడల మీద ఒంటరిగా తిరిగే ఈ మనిషి తన ఆలోచన ఎవరితో చెప్పాలి? ప్రతిదీ తనలో తనే అనుకుంటూ పోతే కథ నడవదు. షెర్లాక్ హోమ్స్‌కి వాట్సన్ ఉన్నట్టు ఇతనికీ ఒకడు కావాలి. అలా 1940లో, డిటెక్టివ్ కామిక్స్ 38వ సంచికలో, ఎర్ర చొక్కా, ఆకుపచ్చ చెడ్డీ, పసుపు కేప్ వేసుకుని ఒక కుర్రాడు దూకాడు. వాడే రాబిన్. వాడు వచ్చాక అమ్మకాలు దాదాపు రెట్టింపయ్యాయని కామిక్స్ చరిత్ర రాసేవాళ్లు చెబుతారు.

అంటే రాబిన్ మొదట వచ్చింది రచయిత అవసరం కోసం. మన సినిమాల్లో హీరో ఫ్రెండ్ లాగే అనుకోండి. హీరో ప్రేమ సంగతి మనకి తెలియాలంటే ఎవడో ఒకడు "ఏంట్రా, ఎవర్రా ఆ అమ్మాయి?" అని అడగాలి కదా. ఆ ఫ్రెండ్ పేరు ఇంటికొచ్చేసరికి మనకి గుర్తుండదు. రాబిన్ మాత్రం ఎనభై ఏళ్లు దాటినా గుర్తున్నాడు. పైగా ఆ ముసుగు ఒక్కడిది కాదు. డిక్ గ్రేసన్, జేసన్ టాడ్, టిమ్ డ్రేక్ ఒకరి తర్వాత ఒకరు వేసుకున్నారు. (తర్వాత స్టెఫనీ బ్రౌన్, డేమియన్ వేన్ కూడా వచ్చారు. వాళ్ల సంగతి ఎత్తితే ఇది తెల్లారదు.) హీరో అదే, ఊరు అదే, లోపలి కుర్రాడు మాత్రం వేరు. సైడ్‌కిక్‌ని, అంటే హీరో పక్కనుండే తోడుని, జనం ఎందుకు సొంతం చేసుకుంటారో, ఎందుకు విసుక్కుంటారో పోల్చి చూడాలంటే ఈ ముగ్గురు చాలు. నేను అడిగే ప్రశ్న ఒకటే: బ్యాట్‌మ్యాన్ పక్కన నిలబడటానికి వీడికంటూ ఏం పని ఉంది?

మొదటివాడు డిక్. సర్కస్ కుర్రాడు. అమ్మానాన్నలతో కలిసి ఊయల మీద ఫీట్లు చేసేవాడు. మామూళ్లు దండుకునే టోనీ జుక్కో ముఠా తాళ్లు పాడు చేసి, జనం చూస్తుండగానే ఆ ఇద్దరినీ చంపించింది. చిన్నప్పుడే అమ్మానాన్నల చావు కళ్లారా చూసిన బ్రూస్ వేన్ (బ్యాట్‌మ్యాన్ అసలు పేరు ఇదే) ఈ పిల్లాణ్ణి దగ్గరికి తీసుకుని, కొవ్వొత్తి వెలుగులో ప్రమాణం చేయించాడు. ఇద్దరికీ దెబ్బ ఒకటే. బ్రూస్ దాన్ని మోస్తూ చీకట్లో కలిసిపోయాడు. డిక్ అదే మోస్తూ జోకులేస్తూ పల్టీలు కొట్టాడు. చీకటి మనిషి పక్కన రంగుల చొక్కా ఎందుకు నప్పిందో ఇందులోనే తెలుస్తుంది.

కానీ చాలా ఏళ్ల పాటు ఆ పల్టీలే మిగిలాయి. 1966 టీవీ సీరియల్ పుణ్యమా అని రాబిన్ అంటే మాటకి ముందు ఓ ఆశ్చర్యార్థకం అరిచే కుర్రాడైపోయాడు. డిక్ నిజంగా మనిషైంది పక్క నుంచి కదిలాకే. 1969లో కాలేజీకి వెళ్లాడు. 1984లో రాబిన్ డ్రెస్సు వదిలేసి నైట్‌వింగ్ అయ్యాడు. పెంచినాయన నీడ నుంచి బయటికొచ్చి, సొంత పేరు పెట్టుకుని, ఆయనతో గొడవలు పడుతూనే మళ్లీ ఆయన పిలిస్తే వెళ్లే కొడుకు. ఇంట్లో పెద్దకొడుకుగా పుట్టినవాళ్లకి ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు.

రెండోవాడు జేసన్. అసలు పాఠం వీడి దగ్గరుంది. డిక్ వెళ్లిపోతున్నాడు కదా, ఖాళీ నింపాలి. 1983లో తెచ్చిన జేసన్ కూడా సర్కస్ కుర్రాడే. అమ్మానాన్నల్ని ఒక విలన్ చంపేశాడు. వీడిది రాగి రంగు జుట్టు అయితే, డిక్‌లా కనిపించడానికి దానికి నల్ల రంగు కూడా వేయించారు. నాకు తెలిసి ఒక పాత్రకి ఇంతకంటే అవమానం ఉండదు. జనం కాపీని కాపీగానే చూశారు.

1987లో వాడి పుట్టుపూర్వోత్తరాలు మొత్తం తిరగరాశారు. ఈసారి జేసన్ వీధి పిల్లాడు. బ్రూస్ అమ్మానాన్నలు చనిపోయిన సందులోనే, ఆగి ఉన్న బ్యాట్‌మ్యాన్ కారు బ్యాట్‌మొబైల్ టైర్లు ఊడదీస్తూ దొరికాడు. బ్యాట్‌మ్యాన్ ఊరు గోథమ్ అంతా చూసి జడుసుకునే కారది! వీడికి మాత్రం అందులో కనిపించింది నాలుగు టైర్ల ఖరీదు. సైడ్‌కిక్‌కి ఇంత మంచి ఎంట్రీ ఇంకెవరూ రాయలేదని నా గట్టి నమ్మకం. ఆ ఒక్క పనిలో వాడి ఆకలి, తెగువ, పొగరు అన్నీ ఉన్నాయి.

తర్వాతే చేజారింది. రచయితలు వాడికి కోపం ఇచ్చారు, ఆ కోపాన్ని మనం పంచుకునే చోటు ఇవ్వలేదు. ఒక దౌత్యవేత్త కొడుకు అమ్మాయి మీద అఘాయిత్యం చేసి, చట్టానికి దొరక్కుండా తప్పించుకుంటాడు. చివరికి బాల్కనీ మీంచి పడి చస్తాడు. జేసన్ తోశాడా, వాడే జారాడా అన్నది కథలో తేల్చరు. ఇప్పుడు చదివితే ఆ సందేహమే నాకు నచ్చుతుంది. అప్పటి పాఠకుల్లో చాలామందికి వీడు తలపొగరు కుర్రాడిలాగే కనిపించాడు.

1988లో ఈ కామిక్స్ అచ్చేసే డీసీ కంపెనీ ఒక పని చేసింది. జేసన్‌ని బాంబు పేలుడులో వదిలేసి, రెండు ఫోన్ నంబర్లు అచ్చేసింది. బతకాలంటే ఒకటి, చావాలంటే ఇంకోటి. కాల్‌కి యాభై సెంట్లు, గడువు ముప్పై ఆరు గంటలు. చావాలని 5,343 ఓట్లు, బతకాలని 5,271. డెబ్బై రెండు ఓట్ల తేడాతో పిల్లాడు పోయాడు. చాలామంది దీన్ని "రాబిన్‌ని జనం చంపేశారు" అని చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ రెండో అంకె మీదే చూపు ఆగుతుంది. అందరికీ నచ్చనివాడని ముద్రపడ్డ కుర్రాడి కోసం ఐదు వేల పైచిలుకు కాల్స్, అదీ డబ్బు కట్టి!

వాడు పోయిన తీరు కూడా చూడండి. కన్నతల్లిని వెతుక్కుంటూ ఇథియోపియా దాకా వెళ్లాడు. ఆవిడ దొరికింది, దొరికి వాణ్ణి బ్యాట్‌మ్యాన్ బద్ధశత్రువు జోకర్‌కి పట్టిచ్చింది. జోకర్ ఇనుప గడ్డపారతో చావగొట్టి, తల్లీకొడుకులిద్దరినీ బాంబు పక్కన పడేశాడు. వాడు ఆఖరి క్షణంలో అడ్డుపడింది ఆ తల్లికే. ఈ పిల్లాణ్ణి ముందే ఇలా రాసి ఉంటే ఫోన్ లెక్క తిరగబడేది. 2005లో మళ్లీ బతికి, రెడ్ హుడ్ అనే కొత్త పేరుతో తిరిగొచ్చాక జేసన్‌కి వీరాభిమానులు తయారయ్యారు. బ్యాట్‌మ్యాన్‌ని వాడు అడిగేది కూడా న్యాయంగానే ఉంటుంది: నన్ను చంపినవాణ్ణి నువ్వింకా ఎందుకు బతకనిచ్చావ్?

మూడోవాడు టిమ్. 1989లో వచ్చాడు. జేసన్ దెబ్బతో డీసీ వాళ్లు ఒళ్లు దగ్గరపెట్టుకుని రాసినట్టు తెలుస్తూనే ఉంటుంది. టిమ్ అనాథ కాదు, దొంగ కాదు, సర్కస్ అంతకన్నా కాదు. వాడు అభిమాని. చిన్నప్పుడు అమ్మానాన్నలతో గ్రేసన్ల సర్కస్ చూశాడు. కొన్నేళ్లకి టీవీలో రాబిన్ గాల్లో నాలుగు పల్టీలు కొట్టడం చూసి, ఆ ఫీట్ ఎక్కడ చూశానో గుర్తు తెచ్చుకున్నాడు. రాబిన్ అంటే డిక్, అయితే బ్యాట్‌మ్యాన్ అంటే బ్రూస్ వేన్! గోథమ్ పోలీసులకి అంతుబట్టనిది ఒక పిల్లాడు ఇంట్లో కూర్చుని లాగేశాడు.

జేసన్ పోయాక బ్యాట్‌మ్యాన్ ఒళ్లు తెలియని కోపంతో కొట్లాడుతున్నాడని గమనించి, టిమ్ ముందు డిక్ దగ్గరికే వెళ్లాడు, మళ్లీ రాబిన్‌గా రమ్మని. డిక్ ఒప్పుకోలేదు. చివరికి ఆ డ్రెస్సు తనే వేసుకోవాల్సి వచ్చింది. డిక్, జేసన్‌లని బ్యాట్‌మ్యాన్ చేరదీశాడు. ఇక్కడ బ్యాట్‌మ్యాన్‌ని చేరదీసింది టిమ్. బ్రూస్ కూడా వెంటనే పంపలేదు, నెలల తరబడి నేర్పించాకే బయటికి వదిలాడు. అప్పుడు డ్రెస్సుకి ప్యాంటు కూడా వచ్చింది. యాభై ఏళ్ల తర్వాత ఎట్టకేలకు!

అయితే ఎవరు మేలు? గొప్ప పాత్ర ఎవరంటే డిక్. పక్కన నిలబడి మొదలై, తన కాళ్ల మీద తను నిలబడ్డవాడు వాడే. కొన్నాళ్లు బ్యాట్‌మ్యాన్ ముసుగు కూడా మోశాడు. మనసు పిండేది జేసన్. కానీ సైడ్‌కిక్‌గా, ఆ పక్క చోటులోనే ఉండి మెప్పించినవాడు ఎవరంటే నా ఓటు టిమ్‌కి. వాడు పక్కనున్నది చోటు లేక కాదు, అక్కడ ఒకడు ఉండి తీరాలని తేల్చుకున్నాడు కాబట్టి. వాడిలో లోపం లేదనను. పెద్దవాడయ్యే కొద్దీ వాడికి ఏం పని ఇవ్వాలో రచయితలకే తోచలేదు. రాబిన్ పేరు వదిలాక నైట్‌వింగ్ లాంటి గట్టి పేరు వాడికి కుదరలేదు.

ఓటంటే గుర్తొచ్చింది. 1988లో నా చేతిలో ఫోనుంటే, యాభై సెంట్లు పోయినా సరే, జేసన్‌ని బతికించే నంబరుకే కొట్టేవాణ్ణి. అప్పుడు టిమ్ పుట్టేవాడు కాదుగా అంటారా? అదే నాకూ తెగని తలనొప్పి.