ఎన్‌సీఆర్‌బీ ‘క్రైమ్ ఇన్ ఇండియా’: అంకె కన్నా ముందు ఫుట్‌నోట్ చూడండి

నేరాల మీద పరిశోధన చేసేవాళ్లకు జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) తెచ్చే ఈ నివేదికను మించిన సరుకు మన దేశంలో లేదు. 1953 నుంచి వస్తోంది. మూడు సంపుటాలు, పీడీఎఫ్‌లు ఉచితం. కాకపోతే ఇందులో ఉన్నది ఎఫ్‌ఐఆర్‌ల లెక్క, జరిగిన నేరాల లెక్క కాదు. ఆ మాట నివేదికే చెబుతుంది, వినేవాళ్లే తక్కువ.

2020 సంచికే చూడండి. కేసులు 2019లోని 51,56,158 నుంచి 66,01,285కు, అంటే 28 శాతం పెరిగాయి. జనమంతా ఇళ్లలో ఉన్న ఏడాది ఇదెలా? పెరిగిన 14.45 లక్షల్లో ఐపీసీ (భారత శిక్షాస్మృతి) సెక్షన్ 188, అంటే అధికారుల ఉత్తర్వు ఉల్లంఘన కేసులే 5.83 లక్షలు. ‘ఇతర ఐపీసీ నేరాలు’ అనే గంపగుత్త గడిలో మరో 8.1 లక్షలు. ఈ రెండూ తీసేస్తే మిగిలేది అర లక్ష పైచిలుకే. దొంగతనాలైతే తగ్గాయి. అందుకే పై వరుసలోని మొత్తాన్ని ఎత్తి రాయకండి, ఏ శీర్షికకు ఆ శీర్షిక తీసుకోండి. రాష్ట్రాల మధ్య పోలికకు ఉన్నవాటిలో హత్యల పట్టికే నయం. శవాన్ని దాచడం ఫిర్యాదును దాచినంత తేలిక కాదు కదా.

ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు సెక్షన్లుంటే పెద్ద శిక్ష ఉన్నదొక్కటే లెక్కలోకి వస్తుంది. అత్యాచారం చేసి చంపితే అది అత్యాచారాల పట్టికలో కాక హత్యల వైపు పడుతుంది.

అందరూ బోల్తా పడేది శిక్షల శాతం దగ్గర. కోర్టులో 1,000 కేసులుండి, ఆ ఏడాది 40 తేలి, 30కి శిక్ష పడితే పట్టికలో 75 శాతం కనిపిస్తుంది. మిగతా 960 పెండింగ్ గడిలో ఉంటాయి. రెండు గడులూ పక్కపక్కన పెట్టుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయొద్దు. రాజీ కుదిరినవి ‘విచారణ లేకుండా పరిష్కారం’ కింద వేరే పోతాయి. భర్త, అత్తింటివాళ్ల వేధింపులకు సంబంధించిన సెక్షన్ 498-ఏలో కోర్టు అనుమతితో రాజీకి ఆంధ్రప్రదేశ్‌లో 2003 సవరణే దారి ఇచ్చింది. ఆ వీలు లేని చోట సాక్షులు అడ్డం తిరిగి కేసు కొట్టేస్తే అది విచారణ పూర్తయినట్టే లెక్క, శాతం పడిపోతుంది. కాబట్టి ఈ సెక్షన్‌లో రాష్ట్రాల శాతాలను నేరుగా పోల్చడం తప్పు.

రేటు లెక్కలోనూ హారం చూసుకోవాలి. సాధారణంగా లక్ష జనాభాకు, మహిళలపై నేరాల్లో లక్ష మంది మహిళలకు. మెట్రో నగరాలకు 2011 జనాభానే వాడతారు. హైదరాబాద్‌కు 77.5 లక్షలు. ఊరు పెరిగినా హారం పెరగదు, రేటు ఉబ్బుతుంది. లక్షద్వీప్‌లో ఒక్క హత్య జరిగినా రేటు 1.5 దాకా పోతుంది.

2022లో దేశంలోని 65,893 సైబర్ కేసుల్లో 15,297 తెలంగాణవే. మోసాలన్నీ ఇక్కడే జరుగుతున్నాయని దీన్నిబట్టి తేల్చలేం. కేసు కట్టే అలవాటు ఎక్కడెంత ఉందో తెలియకుండా ఆ మాట అనడం తొందరపాటే. 2014కు ముందు ‘ఆంధ్రప్రదేశ్’ అంటే రెండు రాష్ట్రాలూ కలిపి, గ్రాఫ్ గీసేటప్పుడు అక్కడ గీత తెంచాలి.

పెద్ద లోపం ఆలస్యం: 2023 సంచిక 2025 సెప్టెంబర్ చివర్లో వచ్చింది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. హత్య సెక్షన్ 302 కాస్తా 103 అయింది, 188 ఇప్పుడు 223. పాత వరుసకు 2024 అంకెలు అతికించే ముందు ఈ సెక్షన్ల జోడింపు పట్టిక ఒకటి తయారుచేసి దగ్గర పెట్టుకోండి.