టీథరా, తడి గుడ్డా?

చాలామంది పిల్లలకు ఆరో నెల అటూఇటూగా కింది ముందు పళ్లు రెండూ మొలుస్తాయి. కొందరికి నాలుగో నెలకే, కొందరికి ఏడాది దగ్గరపడ్డాక. 20 పాలపళ్లూ వచ్చేసరికి మూడేళ్లు పడుతుంది. ఈలోగా చొంగ, చిరాకు, చేతికందిందల్లా నోట్లోకే. కర్నూలు మెడికల్ షాపులో టీథర్ (పళ్లొచ్చే పిల్లలు కొరుక్కునే బొమ్మ) చూపిస్తారు, ఇంట్లో జేజేమో తడి గుడ్డ చాలంటుంది.

ఖర్చు: గుడ్డకు పైసా కాదు, పాత నూలు పంచె చాలు. టీథర్ కొనాలి.

శ్రమ: టీథర్ సబ్బుతో కడిగితే సరి. కానీ కింద పడ్డ ప్రతిసారీ కడగాలి, మన దుమ్ముకు అదే పెద్ద పని. గుడ్డనైతే కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి, కొసన ముడి వేసి, ఫ్రిజ్‌లో పెట్టాలి. మే నెలలో కాసేపటికే వెచ్చబడుతుంది. రోజూ ఉతికి ఆరేయాలి, ఎండకైతే మనకు కరువు లేదు.

రిస్క్: లోపల నీళ్లుండే టీథర్ వద్దు, కొరికితే చిల్లు పడొచ్చు. ఫ్రీజర్‌లో పెడితే గట్టిపడి చిగురుకు దెబ్బ. మెడకు తాడుతో అసలే కట్టొద్దు. గుడ్డకు దారాలు ఊడతాయి, పక్కన మనిషి ఉండాల్సిందే.

చిగుళ్లను మొద్దుబార్చే జెల్ ఈ పోటీలోనే లేదు. బెంజొకైన్ అనే మొద్దుబార్చే మందు ఉన్నవి రెండేళ్లలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది.

బస్సులో కడపకో అనంతపురానికో పోతుంటే టీథర్. ఇంట్లో, ఒళ్లో కూర్చోబెట్టుకుని చిగుళ్లు రుద్దే తీరిక ఉంటే గుడ్డ. నా ఓటు దానికే. జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, విరేచనాలైనా పళ్ల వల్లే అనుకోకుండా డాక్టరుకు చూపించండి.