నల్లగొండ జిల్లాలోని ఒక గూడ్స్ షెడ్డు: సరుకు రవాణా సేవపై సమీక్ష

బియ్యం మిల్లులకు పేరున్న మిర్యాలగూడకు, సిమెంటు కర్మాగారాలున్న వాడపల్లికి బీబీనగర్–నడికుడి రైలు మార్గమే పెద్ద ఆధారం. ఈ మార్గంలోని ఒక గూడ్స్ షెడ్డు నుంచి బియ్యం పంపే వ్యాపారిగా ఆ సేవ గురించి రాస్తున్నాను.

దూర రాష్ట్రాలకు సరుకు పంపడానికి రైలును మించినది లేదు. ఒక్క రేక్‌లో, అంటే ఒక పూర్తి గూడ్స్ రైలులో, 2,000 టన్నులకు పైగా వెళ్లే బియ్యాన్ని లారీల్లో పంపాలంటే పదులకొద్దీ బళ్లు కావాలి. బుకింగ్ సిబ్బంది మర్యాదస్తులు.

లోటంతా ఆవరణలోనే ఉంది. పైకప్పు సగమే ఉన్నందున వానాకాలంలో బస్తాలపై టార్పాలిన్లు కప్పుతూనే ఎక్కించాలి, ఆలోగా ఎక్కించే గడువు దాటితే డెమరేజ్ (వ్యాగన్లను ఎక్కువసేపు ఆపినందుకు రైల్వే వేసే రుసుము) మన మీదే పడుతుంది. అంతకంటే బాధాకరమైనది, హమాలీలకు నీడగానీ సరైన తాగునీరుగానీ లేకపోవడం. రేక్ వచ్చిన రాత్రి లారీలు ఇళ్ల మధ్య సందుల్లో బారులు తీరతాయి; సిమెంటు దుమ్ము వంటగదుల దాకా చేరుతుంది.

2021 డిసెంబరులో రైల్వే గతిశక్తి కార్గో టెర్మినళ్ల (కొత్త సరుకు రవాణా కేంద్రాల) విధానం ప్రకటించింది కనుక, మన వైపు కూడా కొత్త సరుకు కేంద్రం రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అయితే ఇప్పటి షెడ్డు పక్కన బతుకుతున్నవారు కొత్తదంటేనే భయపడటం నూటికి నూరుపాళ్లు న్యాయం. ఊరిలోకి రాని లారీ రోడ్డు, దుమ్ము బయటికి పోని గోదాములు, భూమి ఇచ్చే రైతుకు ముందుగానే పరిహారం, ఇవి పనులు మొదలయ్యేలోపే కాగితం మీదికి రావాలి.

ప్రస్తుత సేవకు 5కి 3 ఇస్తున్నాను. వానాకాలంలో సరుకు పంపేవారు టార్పాలిన్లు సొంతంగా తెచ్చుకోవడం మంచిది.